తాత పటం కింద తిథి

మేకు ఊడి తాత పటం గోడ మీంచి పడింది. అద్దం పగిలింది గానీ ఫొటోకి ఏమీ కాలేదు. రాయపూర్ మోవాలో మా వీధి చివర పటాలు కట్టే దుకాణం ఉంది. దుకాణాయన పాత చట్రం విప్పి, ఫొటో కింది అట్టని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని చూశాడు. ఆయనకి తెలుగు రాదు, కానీ చేతిపని తెలిసినవాడి కన్ను. ఇక్కడ ఒక మాట మీద రంగు పూసి మళ్లీ ఇంకో మాట రాసినట్టున్నారు దీదీ, కొత్త అట్ట వేసి శుభ్రంగా ప్రింటు తీయించనా అని హిందీలో అడిగాడు. వద్దన్నాను. అద్దం ఒక్కటే మార్చమన్నాను, అదీ ఇవాళే కావాలన్నాను. ఎల్లుండి తాత తద్దినం. తాత పోయింది నవంబరు ఒకటిన. తద్దినం తిథిని బట్టి పెడతాం గనక అది ఏటా ముందుకీ వెనక్కీ జరుగుతూనే ఉంటుంది. ఈ ఏడు మళ్లీ నవంబరు ఒకటి మీదే పడింది. పంతొమ్మిదేళ్లకి ఒకసారి తేదీ, తిథి ఇలా కలుసుకుంటాయి. ఇది నాకు బడిలో ఎవరూ చెప్పలేదు. పాత క్యాలెండర్లు ముందేసుకుని నాకు నేనే పట్టుకున్న లెక్క. ఆయన అద్దం కోస్తున్నంతసేపూ స్టూలు మీద కూర్చుని, ఒక అక్షరం కింద ఇంకో అక్షరం ఉబ్బెత్తుగా కనపడే ఆ చోటునే చూస్తూ ఉండిపోయాను.

తాత ఉన్నప్పుడు మేం రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్లం. తాత విజయనగరం వైపు నుంచి వచ్చి వ్యాగన్ల వర్క్‌షాపులో చేరి, అక్కడే రిటైరయ్యాడు. నాన్నదీ అక్కడే పని, వ్యాగన్ల మీద నంబర్లు రాయడం. రెండు గదులు, ఒక వరండా, వెనక నాయనమ్మ పెంచిన గోంగూర మడి. గాలి అటు నుంచి వీస్తే ధాన్యం ఉడకబెట్టే మిల్లుల వాసన, ఇటు నుంచి వీస్తే ఇనప పొడి. మంచాలు ఎత్తగానే తాత స్నానం చేసి, తువ్వాలు భుజాన వేసుకుని, వరండా గోడ ముందు నిలబడేవాడు. గోడకి రెండు క్యాలెండర్లుండేవి. ఒకటి కిరాణా కొట్టువాళ్లిచ్చిన హిందీది, రెండోది ఊరి నుంచి ఎవరో ఒకరి చేత రైల్లో తెప్పించుకున్న తెలుగుది. వాటి ముందు నిలబడి "ఇవాళేటి?" అని అడిగేవాడు. ఒక పుట్టుక, ఒక చావు, ఒక సంఘటన, ఆ తేదీకి సంబంధించినవి మూడూ చెప్పందే ఎవరికీ టీ దక్కేది కాదు. పొద్దున రేడియోలో విన్నవి, పేపర్లో మూల చదివినవి తనూ చెప్పేవాడు. ఎక్కడో ఒక మహారాజు పట్టాభిషేకం జరిగిన రోజునే మా మేనమామ సైకిలు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడనుకోండి, తాత రెంటినీ ఒకే గొంతుతో చదివేవాడు. చరిత్రలో మా ఇల్లు వేరుగా ఉన్నట్టు ఆయనకి ఎప్పుడూ అనిపించలేదు. నాకు ఏ తేదీ చెప్పినా అది ఏ వారమో నోటితో లెక్కగట్టడం ఆ గోడ ముందే అలవాటైంది. టీ కోసం.

నవంబరు ఒకటి మీద తాతకి ప్రత్యేకమైన మమకారం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రోజు అది. ఎన్నో ఏళ్ల తర్వాత ఛత్తీస్‌గఢ్ కూడా సరిగ్గా ఆ తేదీనే ఏర్పడి, మా రాయపూర్ రాజధాని అయింది. వీధిలో అందరూ మిఠాయిలు పంచుకుంటుంటే తాత గోడ ముందు నిలబడి, నా ఊరున్న రాష్ట్రానికీ నా కూడున్న రాష్ట్రానికీ ఒకటే పుట్టినరోజు అని పొంగిపోయాడు. అయితే ఆ రోజుకి చావు మాత్రం ఆయనకి నచ్చినది దొరికేది కాదు. పేపర్లో ఎవరో ఒకరి పేరుండేది. ఈయనకీ మనకీ ఏటి సంబంధం అని కొట్టేసేవాడు. కొన్నేళ్లకి ఆ ఖాళీని ఆయనే నింపాడు. ఆ పొద్దున నాయనమ్మ పోసిచ్చిన అట్లు తిని, రాష్ట్రం పుట్టినరోజు పండగ రాజ్యోత్సవానికి జెండాలు పట్టుకుని బడిపిల్లలు వెళ్తుంటే చూద్దామని గుమ్మంలో కూర్చున్నాడు. పిల్లలు దాటిపోయాక లోపలికి రమ్మని పిలిస్తే పలకలేదు. పక్కింటి భాభీ పరుగెత్తుకొచ్చి తాత చెయ్యి పట్టుకుంది. ముందటి సాయంత్రం ఆవిడ భర్త కోసం కర్వా చౌత్ ఉపవాసం చేసి జల్లెడలోంచి చంద్రుణ్ణి చూసింది. ఆ ఎర్రటి గోరింట చేతుల్లో తాత చెయ్యి ఉండటం నాకిప్పటికీ కనపడుతుంది.

మా తెలుగు పురోహితుడు ఆ వారం ఊళ్లో లేడు. ఇక్కడి పండిత్‌జీ వచ్చి జరిపించాడు. తిథి అడిగితే కార్తీక్ కృష్ణ చతుర్థి అన్నాడు. కృష్ణ పక్షమంటే మన బహుళం, చతుర్థి అంటే చవితి. నాన్న చెవులారా విని, పెద్దకర్మ అయ్యాక తాత ఫొటో కింద తన చేత్తో రాశాడు: కార్తీక బహుళ చవితి. నాన్న అక్షరం ఎలా ఉండేదంటే, వ్యాగన్ మీద రాసిన నంబరు చూసి ఇది అచ్చు కాదు, చెయ్యి అని ఎవరూ నమ్మేవారు కాదు. ఇన్నేళ్ల సర్వీసులో రాసిన నంబరు చెరిపి రాసింది లేదని ఆయన గర్వం. ఆ పటం గోడకెక్కింది. ఏడాది పాటు మా ఇంట్లో పండగ లేదు. దీపం లేదు, పిండివంట లేదు, ఊరి నుంచి తెలుగు క్యాలెండరు తెప్పించేవాళ్లూ లేరు. పొద్దున "ఇవాళేటి?" అని అడిగేవాళ్లు లేక టీ అడక్కుండానే వచ్చేది.

ఆ ఏడు తిరగబోతుండగా మా చిన్నత్తకి సంబంధం కుదిరింది. చిన్నత్త పార్వతి నాన్నకి ఆఖరి చెల్లెలు. ముప్పై దాటింది. అంతకుముందు కుదిరిన ఒక సంబంధం తాత జబ్బుతో వాయిదా పడుతూ పడుతూ పోయింది. ఈ పెళ్లికొడుకు ఉక్కు మిల్లులో పని, తల్లిదండ్రులు లేరు, ఊళ్లోనే టాటీబంధ్‌లో ఉండే మేనమామే పెంచాడు. ఇంట్లో పెద్ద పోతే సంవత్సరీకం జరిగేదాకా శుభకార్యం చెయ్యరు. నవంబరు ఒకటికి ఏడాది అయిపోతుంది కదా అని నాన్న తేదీ లెక్కన చూసుకుని, ఆ తర్వాతి వారం ముహూర్తానికి ఒప్పుకున్నాడు. శుభలేఖలు కూడా వచ్చేశాయి. ఇక పసుపు పెట్టడమే తరువాయి అన్న రోజుల్లో ఒక పొద్దున ఆ మేనమామ స్కూటర్ మీద వచ్చాడు. పెద్ద మనిషి, చేతిలో గుడ్డ సంచీ. టీ తాగుతూ గోడ వైపు చూసి, పటం కింద రాసింది పైకి చదివాడు. మళ్లీ చదివాడు. సంచీలోంచి పంచాంగం తీసి పేజీలు తిప్పి, టీ కప్పు కింద పెట్టేశాడు.

కార్తీక బహుళ చవితి ముహూర్తం దాటాక పది రోజులకి గానీ రాదు. అంటే సంవత్సరీకం కాకుండానే పెళ్లి. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. మేనమామ గొంతు పెంచలేదు, అందుకే ఎక్కువ భయం వేసింది. తల్లీ తండ్రీ లేని పిల్లడని, వాడి పెళ్లిలో ఒక్క వంక ఉన్నా రేపు నలుగురూ తననే అంటారని చెప్పాడు. వాయిదా వేద్దామంటే మార్గశిరంలో పిల్లడికి సెలవు లేదు, ఆ తర్వాత శూన్యమాసం. భిలాయిలో ఇంకో సంబంధం వాళ్లు ఇప్పటికీ కబురు పెడుతున్నారని కూడా దాచకుండా చెప్పాడు.

అప్పుడే నేను గోడనున్న హిందీ క్యాలెండరు చూశాను. అందులోనూ కార్తీక్ కృష్ణ చతుర్థి ఉంది. కానీ ముహూర్తం తర్వాత కాదు, ఎల్లుండి. ఆ గడి మీద వేలు పెట్టి నాన్నకి చూపించాను. మేనమామ లేచి వచ్చి చూసి, నా వైపు కాదు, నాన్న వైపు తిరిగాడు.

"మీకు కావాల్సిన రోజు దొరికేదాకా గోడలన్నీ ఎతుకుతారేటి బాబూ? మనం తెలుగోళ్లం. మన పంచాంగంలో లేనిది కిరాణా కొట్టు కాయితంలో ఉంటాదా?"

రేపు సాయంత్రం వస్తాను, మాట చెప్పండి అని వెళ్లిపోయాడు. మరచిపోయాడో, కావాలనే వదిలాడో, పంచాంగం బల్ల మీదే ఉండిపోయింది. నేను దాన్నీ క్యాలెండరునీ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. మధ్యాహ్నానికి సంగతి తేలింది. మనకి అమావాస్య మర్నాడు నెల మొదలవుతుంది. ఇక్కడివాళ్లకి పున్నమి మర్నాడే మొదలవుతుంది. శుద్ధ పక్షంలో ఇద్దరి నెలా ఒకటే. బహుళ పక్షానికి వచ్చేసరికి వాళ్ల పేరు ఒక నెల ముందుంటుంది. ఎల్లుండి వాళ్లకి కార్తీకం, మనకి ఇంకా ఆశ్వయుజమే. ఒకే రోజుకి రెండు పేర్లు. పండిత్‌జీ తన నెల పేరు చెప్పాడు, నాన్న దాన్ని మన నెల అనుకున్నాడు. పండిత్‌జీ తప్పు చెప్పలేదు, నాన్న తప్పు వినలేదు. దీపావళికి ముందు పోయిన మనిషికి దీపావళి దాటాక తిథి ఎలా వచ్చిందని ఏడాదిగా ఇంట్లో ఎవరికీ తట్టలేదు, మాకు ఆ దీపావళే లేదు గనక. అంతా సరిపోయింది. సరిపోయిందనే నాకు గుబులు. కావాలనుకున్న జవాబే వచ్చినప్పుడు లెక్క ఇంకోసారి చూడాలి. మూడుసార్లు చూశాను.

నాన్న వర్క్‌షాపు నుంచి వచ్చాక చెప్పాను. చొక్కా గుండీలు విప్పుతూ సగంలో ఆగిపోయాడు. "పెళ్లి కోసం నాన్న పోయిన రోజు మార్చమంటావేటి? నా చెవులతో విన్నాను నేను. నా చేత్తో రాసినాను" అన్నాడు. ఆయన మొండితనం నాకు అర్థమైంది. పెళ్లి నిలబడాలని అందరికన్నా ఆయనకే ఎక్కువుంది, అందుకే నమ్మడానికి భయం. చిన్నత్త మూలన కూర్చుని బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండానే అంది: "అన్నయ్యా, నా కోసం లెక్క తిప్పకండి. నాన్న పోయింది ఆ రోజే అయితే ఆ రోజే పెట్టండి. పెళ్లి ఉన్నా లేకపోయినా. కాదంటే మానెయ్యండి. అంతే." ఏ రోజో తేలాలి. తేల్చడానికి మా దగ్గరున్నవి రెండు కాయితాలు, అవి రెండూ ఒకదాన్నొకటి కాదంటున్నాయి.

చీకటి పడుతుండగా వెనక క్వార్టర్ నుంచి పెనం మీద అట్టు కాలే వాసన వచ్చింది. కాలనీలో ఇంకా ఏడెనిమిది తెలుగు కుటుంబాలుండేవి. పెనం మీద పిండి జారిన చప్పుడు, ఆడపిల్లల నవ్వులు. అట్లతద్ది. మైల ఇల్లని మాకెవరూ చెప్పలేదు, వాయనమూ పంపలేదు. నాయనమ్మ మంచం మీద ముడుచుకుని పడుకునుంది, ఉన్నట్టుండి లేచి కూర్చుంది. ఏడాదిగా ఆవిడ అడిగితే తప్ప మాట్లాడేది కాదు. పోయినేడు ఈ వాసన మనింట్లోదే కదా అంది. పార్వతి కోసమని పిండి ఎక్కువ రుబ్బేనని, మిగిలిపోతే ఫ్రిజ్‌లో పెట్టేనని, మీ తాత ఆ పొద్దున తిన్నది ఆ పిండేనని, అదే ఆఖరని చెప్పుకుంటూ పోయింది. ఆవిడకి మా గొడవేమీ తెలీదు, తన ధ్యాసలో తను చెప్పుకుంటోంది.

నాన్న చొక్కా పట్టుకునే ఉన్నాడు. నేను పంచాంగం తెరిచాను. అట్లతద్ది ఆశ్వయుజ బహుళ తదియ. దాన్ని ఏ క్యాలెండరూ మార్చలేదు, ఎందుకంటే అది ఆడవాళ్ల పెనం మీద ఉంది. ఆ పిండి ఇంకా ఇంట్లో ఉండగా తాత పోయాడంటే, అది కార్తీక బహుళం ఎలా అవుతుంది? నెల రోజుల పిండి ఎవరూ తినరు. నాన్న పంచాంగం నా చేతిలోంచి తీసుకుని, ఆ పేజీ చాలాసేపు చూసి, చొక్కా మళ్లీ తొడుక్కున్నాడు. తెలుగు పురోహితుడి ఇంటికి వెళ్లి ఎల్లుండికి చెప్పి వచ్చాడు. ఆయన ఇద్దరు యజమానులకి మాటిచ్చి ఉన్నాడట, బతిమాలితే పొద్దున్నే వస్తానన్నాడు.

మర్నాడు సాయంత్రం మేనమామ వచ్చేసరికి వరండాలో అరటికాయలు, కందగడ్డ, గుమ్మడికాయ, విస్తరాకుల కట్ట. పక్కింటి మేడ మీద భాభీ పట్టుచీర కట్టుకుని జల్లెడతో తిరుగుతోంది, చంద్రుడింకా రాలేదు. మేనమామ కూరల వైపు చూసి ఇదేటి అని అడిగాడు.

"రేపు నాన్న సంవత్సరీకం మావయ్యగారూ. ఆశ్వయుజ బహుళ చవితి. పటం మీద నాను తప్పు రాసినాను. మీరు నమ్మినా నమ్మకపోయినా రేపే పెడతాం. పెళ్లి సంగతి మీ ఇష్టం."

మేనమామ కుర్చీలో కూర్చోలేదు. నాన్న రెండు నెలల సంగతీ చెప్పాడు. పిండి సంగతి చెప్పాడు. మేనమామ అంతా విని, నవ్వీ నవ్వనట్టు, మీ రైల్వేవాళ్లకి తిథులు కూడా బండ్లలాగ టైము మార్చుకుంటాయేటి అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన చెప్పులు విప్పి లోపలికి వెళ్లి నాయనమ్మ మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. చిన్నత్త గోడకి ఆనుకుని నిలబడింది. నేను తలుపు దగ్గర. నాయనమ్మని ముందే సిద్ధం చేసి ఉంచామని ఆయన అనుకుంటాడని నాకు భయం. ఆవిడ ఏది మరచిపోయినా, ఒక్క మాట అటూ ఇటూ అయినా అంతే.

ఆయన తిథి అడగలేదు, నెల అడగలేదు, అట్లతద్ది ఊసే ఎత్తలేదు.

"అప్పా, ఆ రోజు బావగారు తిన్న అట్లు పులిసినాయేటి?"

నాయనమ్మ ఆయన వైపు వింతగా చూసింది, ఇదేం ప్రశ్న అన్నట్టు. "పులవకేటి బాబూ. మూడో రోజు పిండి. పారబోస్తానంటే ఒద్దన్నారు. ఆయనకి అలగే ఇష్టం, నాలిక జివ్వుమనాల. ముందటి రోజు పోస్తానంటే రేపటికి పులుస్తాది, రేపు తింటానన్నారు. తిన్నారు."

తదియ నాడు రుబ్బిన పిండికి మధ్యలో ఒక రోజు. ఆ మధ్య రోజు భాభీ మేడ మీద జల్లెడ పట్టుకుంది. చంద్రుడు వచ్చే వేళకి చవితి మొదలైనా, పగటి పూట చవితి ఉన్నది మూడో రోజునే. మేనమామ పెదాలు కదులుతున్నాయి, నేను కట్టిన లెక్కే ఆయనా కడుతున్నాడు. ఆయన కూడా ఆ ఊళ్ల మనిషే, ఆ పిండి ఎన్నో రోజుకి జివ్వుమంటుందో ఆయనకి తెలుసు. చాలాసేపు నాయనమ్మ పాదాల వైపు చూసి లేచాడు. పంచాంగం సంచీలో పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర చిన్నత్త ముందు ఆగి, "రేపు భోజనానికి నానూ ఒస్తానమ్మా. గుమ్మడికాయ పులుసులో బెల్లం తగ్గించి పొయ్యి" అన్నాడు. చిన్నత్త తల ఊపింది. ఆయన స్కూటర్ చప్పుడు దూరమయ్యాక గోడ మీంచి జారి అలాగే నేల మీద కూర్చుంది. మేడ మీద భాభీ వాళ్లు ఒక్కసారిగా నవ్వారు. చంద్రుడు వచ్చాడు.

మర్నాడు మేనమామ వచ్చాడు, విస్తరి ముందు కూర్చున్నాడు, రెండోసారి పులుసు అడిగి పోయించుకున్నాడు. ఆ ఏడు నవంబరు ఒకటినే దీపావళి వచ్చింది. ఏడాది తర్వాత మా గుమ్మంలో మొదటి దీపం. ఆ పొద్దున నాయనమ్మ మంచం దిగి, గోడ పట్టుకుంటూ వచ్చి, ఒంటరిగా ఉన్న హిందీ క్యాలెండరు ముందు నిలబడి "ఇవాళేటి?" అంది. చిన్నత్త చెప్పింది: రెండు రాష్ట్రాలు పుట్టిన రోజు, నాన్న పోయిన రోజు, దీపావళి. నాయనమ్మ ఆమెకి టీ ఇమ్మంది. ఆ తర్వాతి వారం పెళ్లి జరిగింది.

ఇప్పుడు నా ఫోనులో రెండు నెలల పేర్లూ పక్కపక్కనే ఉంటాయి. వేలు పెడితే చాలు, ఆ రోజు లోకంలో ఎవరు పుట్టారో ఎవరు పోయారో వరసగా వచ్చేస్తుంది. తాత పొద్దంతా రేడియోకి చెవి ఆనించి కూడబెట్టినదానికి వంద రెట్లు. మా మేనమామ కాలు విరగడం మాత్రం అందులో లేదు. చూస్తాను, మూసేస్తాను, నాకు నేనే టీ పెట్టుకుంటాను. నాయనమ్మ లేదు. టాటీబంధ్ మేనమామ లేడు. ఈ తద్దినానికి చిన్నత్త టాటీబంధ్ నుంచి ముందురోజే వస్తానంది. నాన్న నా దగ్గరే ఉంటాడు, చూపు బాగా తగ్గింది.

దుకాణంలో అద్దం బిగించనివ్వలేదు, ఇంట్లో పెట్టుకుంటామని పటం విడిగానే తెచ్చేశాను. దుకాణాయన ఇచ్చిన అద్దం కాగితంలో చుట్టే ఉంది. నాన్న ఒకసారి ఇమ్మంటే అట్ట ఆయన ఒళ్లో పెట్టాను. సంవత్సరీకం అయిన సాయంత్రం ఆయనే కుంచె పట్టుకుని కార్తీక మీద రంగు పూసి, ఆరాక, దాని మీద ఆశ్వయుజ అని రాశాడు. జీవితంలో చెరిపి రాసింది అదొక్కటే. ఆ మాట మీద ఇప్పుడు ఆయన వేళ్లు మెల్లగా పోయాయి, ఒకచోట ఆగాయి, మళ్లీ వెనక్కి వెళ్లాయి.

"కిందదీ ఉన్నాదే" అన్నాడు.

ఉంది నాన్నా అన్నాను. దుకాణంలో శుభ్రం చేయిస్తానన్నారని, వద్దన్నానని చెప్పాను.

"ఉండనీ. ఈ ఊరోళ్లకి ఆ రోజు అదే కదా" అని పటం నా చేతికిచ్చాడు. "అద్దం పెట్టేయ్."